తమ్ముడికి మెదడువాపు: ఇంజెక్షన్ ఆపి మాత్రలిస్తే మందు మెదడుదాకా పోతుందా?

బుధవారపేట_అన్న (కర్నూలు)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి 27 ఏళ్లు. మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాడు. రెండు వారాల కింద జ్వరం వచ్చింది. రెండో రోజు సాయంత్రం నడింట్లో కూర్చుని "ఎర్రగడ్డలు మాడుతున్నాయి, పొయ్యి ఆర్పండి" అని ఒకటే పోరు. పొయ్యి మీద ఏమీ లేదు. అసలు పొయ్యే వెలిగించలేదు. మరుసటి రోజు అమ్మ గరిటె చూపించి "ఇదేందిరా" అంటే, "అదే... దాంతో రాస్తారు కదా" అన్నాడు. అమ్మ చేతిలో గరిటె అట్లే ఉండిపోయింది.

మేము మొదట చూపించిన చోట జ్వరానికి తోడు నిద్ర లేక అట్లా మాట్లాడుతున్నాడని నిద్రమాత్రలు రాసి పంపారు. చుట్టాల్లో ఒకరు గాలి సోకింది, తాయెత్తు కట్టించండి అన్నారు. రెండు రోజులు అట్లా పోయాయి. నాలుగో రోజు తెల్లారుజామున ఫిట్స్ వచ్చాక ఇప్పుడున్న ఆస్పత్రిలో చేర్చాం. ఎంఆర్‌ఐలో ఎడమ కణత వైపు మెదడు వాచిందన్నారు. వెన్నులో నీళ్లు తీసి పీసీఆర్ పరీక్షకు (వైరస్ జన్యువును పట్టేది) పంపితే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ అని తేలింది. అసైక్లోవిర్ ఇంజెక్షన్ 600 మిల్లీగ్రాములు, 8 గంటలకొకసారి, మొత్తం 21 రోజులు అని చెప్పారు.

ఈరోజు పదో రోజు. వాడు లేచి కూర్చుంటున్నాడు, నన్ను గుర్తుపడుతున్నాడు, రాగిసంగటి అడిగి తిన్నాడు. ఇప్పుడు ఇంట్లో గొడవ ఏమంటే, మా బావ "ఇదే మందు మాత్రల్లో దొరుకుతుంది, ఇంకా పదకొండు రోజులు ఇక్కడ పడి ఉండేదెందుకు, ఇంటికి పోయి మింగిద్దాం" అంటున్నాడు. డాక్టరు ఒద్దన్నారు, కానీ రౌండ్స్ హడావుడిలో ఎందుకో వివరంగా చెప్పలేదు. నేను ఫోన్లో చదివితే ఈ మందు రక్తంలోంచి సగమే మెదడు వైపు పోతుందని ఉంది. సగమే పోతే, డబుల్ డోసు మాత్రలు ఇస్తే సరిపోదా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లోవాళ్లకు నేనే సమాధానం చెప్పాలి.

మందులషాపు_ఆదోని

అన్నా, ముందు ఒక మాట. ఇంజెక్షన్ ఆపనివ్వొద్దు. బావగారి మాట మంచికే అయినా లెక్క తప్పు.

ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నా. అసైక్లోవిర్ మాత్రలు ఎక్కువగా అమ్మేది సర్పికి, నోటి దగ్గర పొక్కులకు. ఆ మాత్ర మింగితే పేగుల్లోంచి రక్తంలోకి చేరేది 15 నుంచి 20 శాతం మాత్రమే, మిగతాది అట్లే బయటికి పోతుంది. 800 మాత్ర రోజుకు ఐదుసార్లు వేసినా రక్తంలో గరిష్ఠంగా మిల్లీలీటరుకు 1.6 మైక్రోగ్రాములు ఉంటుంది. మీ తమ్ముడికి ఇస్తున్నట్టు కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున నరంలోకి ఎక్కిస్తే గరిష్ఠంగా 20 దాటుతుంది. పది రెట్లకు పైగా తేడా.

ఇప్పుడు మీరు చదివిన "సగం" లెక్క చూడండి. 20లో సగం 10. ఒకటిన్నరలో సగం ముప్పావు. రెండూ సగమే, కానీ వైరస్ ముందు నిలబడే మందు ఎంత? మాత్రలు రెట్టింపు చేస్తే రక్తంలో కూడా రెట్టింపు అవుతుందనుకోవద్దు. డోసు పెరిగే కొద్దీ పేగు పీల్చుకునే వాటా ఇంకా తగ్గుతుంది.

ప్రొద్దుటూరు_పీజీ (ఫార్మకాలజీ)

ఆదోని అన్న లెక్క సరిగ్గా చెప్పారు. ఆ "సగం" ఎక్కడ్నుంచి వచ్చిందో నేను చెబుతా, ఎందుకంటే రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ గురించి చదివినప్పటి నుంచి నాకు దానిమీద వల్లమాలిన ఇష్టం.

1880లలో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూశాడు. ఒళ్లంతా రంగు పట్టింది, మెదడు మాత్రం తెల్లగానే ఉంది. మెదడుకు రంగు పట్టే గుణం లేదేమో అనుకున్నాడు. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ తిరగేసి చేశాడు. రంగును నేరుగా వెన్నునీటిలోకి ఎక్కిస్తే మెదడుకు రంగు పట్టింది, ఒంటికి పట్టలేదు. అంటే మెదడుకు రంగు పట్టదని కాదు, మధ్యలో ఏదో గోడ ఉందని. అది రక్తనాళాల లోపలి పొరలోని కణాలేనని 1960ల చివర్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కళ్లారా చూశారు.

మన ఊరి మాటల్లో చెప్పాలంటే, ఒంట్లో మిగతా చోట్ల సన్న రక్తనాళాల గోడ కంప కట్టిన దడి లాంటిది, సందుల్లోంచి చిన్న అణువులు దూరిపోతాయి. మెదడులో అయితే బేతంచెర్ల బండలు పరిచి సందుల్లో సిమెంటు కూరినట్టు ఉంటుంది. సందులోంచి దారి లేదు, బండలోంచే పోవాలి, అంటే కణం గుండానే. కణం పొర కొవ్వు కాబట్టి కొవ్వులో కరిగే చిన్న అణువులకు సులువు. అంతా దాటి లోపలికి వచ్చినదాన్ని కూడా పట్టి మళ్లీ రక్తంలోకి నెట్టేసే పంపులున్నాయి. పి-గ్లైకోప్రొటీన్ అని వాటిలో ఒకటి. హెచ్ఐవీకి వాడే ప్రొటియేజ్ మందులు చాలా దాని చేతికే చిక్కుతాయి.

అసైక్లోవిర్ కొవ్వులో అంతగా కరగదు. కానీ చిన్న అణువు, 225 డాల్టన్లు (అణువు బరువుకు కొలత), రక్తంలో ప్రొటీన్లను పెద్దగా పట్టుకోదు. అందుకే వెన్నునీటిలో రక్తంలో ఉన్నదాంట్లో సుమారు సగం కనిపిస్తుంది. వైరస్ మందుల్లో అది మంచి మార్కే.

బుధవారపేట_అన్న

ఇద్దరికీ చేతులెత్తి దండం. ఆదోని అన్నా, మీ 10, ముప్పావు లెక్క కాగితం మీద రాసి బావకు చూపించా. ఆయన కాసేపు చూసి "సరే ఉండనీ" అన్నాడు. కానీ ఇంకో మాట. వెన్నునీటిలో ఉందంటే మెదడులో ఉన్నట్టేనా?

ప్రొద్దుటూరు_పీజీ

మంచి ప్రశ్న అన్నా, దీని మీద డాక్టర్లే వాదించుకుంటారు. వెన్నునీరు మెదడు కండ కాదు. ఆ నీరు ఎక్కువగా తయారయ్యేది మెదడు గదుల్లో ఉండే కోరాయిడ్ ప్లెక్సస్ దగ్గర. అక్కడి గోడ వేరు, అక్కడి పంపులు వేరు. బతికున్న మనిషి మెదడులోంచి ముక్క తీసి మందు కొలవలేం కాబట్టి నడుము దగ్గర సూది పెట్టి నీళ్లు తీసి కొలుస్తారు. అది దగ్గరి అంచనా, అంతే. మందు నిజంగా పనిచేస్తుందా అన్నది మనుషులు బతికారా లేదా అన్న దాంట్లోనే తేలుతుంది. మందు ఇవ్వకపోతే ఈ జబ్బులో 70 శాతం దాకా చనిపోతారు. 1986లో అచ్చయిన అమెరికా ట్రయల్లో పాత మందు విడారబిన్ ఇచ్చినవాళ్లలో 54 శాతం చనిపోతే, అసైక్లోవిర్ ఇచ్చినవాళ్లలో 28 శాతం. ఈ మందు వచ్చిన ప్రయోగశాలలో పనిచేసిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ ఇచ్చారు.

జొన్నగిరి_వాన

అందరూ మాత్రలు పనికిరావు అంటున్నారు గానీ, నేను చదివినదాంట్లో వియత్నాంలో ఈ జబ్బుకే వాలసైక్లోవిర్ (ఒంట్లోకి పోయాక అసైక్లోవిర్‌గా మారేది) మాత్రలిచ్చి వెన్నునీటిలో కొలిచారు, సరిపడా ఉందన్నారు. అది నోటి ద్వారా యాభై శాతం దాకా రక్తంలోకి పోతుంది కదా. డబ్బు లేనివాళ్లకు అది దారి కాదా?

ప్రొద్దుటూరు_పీజీ

మీరు చెప్పింది నిజమే, నేనూ చదివాను. కానీ చూసింది నలుగురైదుగురినే. ఇంజెక్షన్ దొరకని చోట ఏం చెయ్యాలన్నదానికి అది సమాధానం. ఇంజెక్షన్ ఎక్కుతూ ఉన్న మనిషికి తీసేసి మాత్ర ఇవ్వడానికి కాదు. ఇంకోటి, ఇంజెక్షన్ కోర్సు పూర్తయ్యాక అదనంగా 90 రోజులు వాలసైక్లోవిర్ పెద్ద డోసులో ఇచ్చి చూసిన ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. జ్ఞాపకశక్తిలో గానీ పనుల్లో గానీ అదనపు లాభం కనపడలేదు. అసలు పని ఆ 14 నుంచి 21 రోజుల్లో నరంలోకి పోయే మందుదే.

రాత్రిడ్యూటీ_అక్క (అనంతపురం, స్టాఫ్ నర్సు)

తమ్ముడూ, పుస్తకం సంగతి వాళ్లు చెప్పారు, మంచం పక్క సంగతి నేను చెబుతా.

ఈ మందు పొడిగా వస్తుంది. కలిపి 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో వేసి గంటసేపు నిదానంగా ఎక్కించాలి. తొందరగా అయిపోనీ అని ఎవరూ డ్రిప్ చక్రం తిప్పి స్పీడు పెంచకండి. మా వార్డులో అటెండెంట్లు తెలియక తిప్పుతుంటారు. వేగంగా పోతే కిడ్నీ సన్న గొట్టాల్లో మందు గడ్డకట్టి స్ఫటికాలవుతుంది. అందుకే నీళ్లు బాగా పోవాలి, మూత్రం కొలవాలి. ఒక లీటరు జగ్గు మీద స్కెచ్‌పెన్‌తో గీతలు పెట్టుకుని, ఎన్ని గంటలకు ఎంత వచ్చిందో చీటీ మీద రాసి సిస్టర్‌కు చూపించండి.

చెయ్యి కూడా చూస్తుండండి. ఈ మందు క్షారం ఎక్కువ, నరం బయటికి జారితే చర్మం మండుతుంది, ఎర్రబడి ఉబ్బుతుంది. సూది పెట్టిన చోట వేలు పెట్టి చూడండి. గట్టిగా, వేడిగా ఉంటే అప్పుడే పిలవండి, తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రి 10 గంటల డోసు, పొద్దున 6 గంటల డోసు ఎక్కువగా ఆలస్యమవుతాయి. టైముకు గుర్తుచేయండి, సిస్టర్లు ఏమీ అనుకోరు.

పెన్నేటిగట్టు

ఇక్కడ అడగొచ్చో లేదో. నేను ఏడేళ్లుగా ఏఆర్‌టీ (హెచ్ఐవీ) మందులు వాడుతున్నా, అనంతపురం జిల్లానే. ముందు రాత్రిపూట టీఎల్ఈ (టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిపిన మాత్ర), ఇప్పుడు టీఎల్‌డీ (ఎఫావిరెంజ్ బదులు డోలుటెగ్రావిర్). ఒక వీడియోలో "టెనోఫోవిర్ మెదడులోకి పోదు, వైరస్ మెదడులో దాక్కుని పదేళ్ల తర్వాత మతిమరుపు తెస్తుంది" అని చెప్పాడు. అది చూసినప్పటి నుంచి టెన్షన్. గొళ్లెం పెట్టానా లేదా అని రాత్రి రెండుసార్లు లేచి చూస్తున్నా. మందు మార్చమని అడగాలా?

తోడు_అనంత (ఏఆర్‌టీ కౌన్సెలర్)

తప్పకుండా అడగొచ్చు అన్నా, అడిగినందుకు మంచిదైంది. దయచేసి ఒక్క మాత్ర కూడా మానొద్దు.

ఆ వీడియోలో ఒక ముక్క నిజం, మిగతాది భయం. హెచ్ఐవీ మందులు మెదడు వైపు ఎంత పోతాయో 1 నుంచి 4 వరకు మార్కులేసే పద్ధతి ఒకటుంది. 2008లో అమెరికా డాక్టర్లు తెచ్చారు, 2010లో ఈ 1 నుంచి 4 మార్కులకు మార్చారు. అందులో టెనోఫోవిర్‌కు 1. నిజమే, తక్కువ. కానీ మీ మాత్రలో అది ఒక్కటే లేదు. లామివుడిన్‌కు 2, డోలుటెగ్రావిర్‌కు 4. మూడూ కలిసి పనిచేస్తాయి. ఆ మార్కులు ఎక్కువున్న మందులకు మార్చి జ్ఞాపకశక్తి బాగుపడుతుందేమో చూసిన ట్రయల్ 2014లో అచ్చయింది. తేడా తేలలేదు.

మీరు ఏడేళ్లు నిలకడగా వేసుకుంటున్నారు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూపే లెక్క) "కనపడలేదు" అని వస్తోందంటే అది పెద్ద రక్షణ. రక్తంలో కనపడకుండా వెన్నునీటిలో మాత్రం వైరస్ పెరిగే సందర్భాలు ఉన్నాయి, కానీ అరుదు. అప్పుడు లక్షణాలు వస్తాయి: కొత్తగా తలనొప్పి, నడకలో తూలడం, మాట తడబడటం, చేతి పనిలో మందగింపు. అట్లాంటివి ఉంటే డాక్టరుకు చెప్పండి, వాళ్లే పరీక్ష చేస్తారు. గొళ్లెం రెండుసార్లు చూడటం భయం వల్ల కూడా అవుతుంది. ఈ నెల మందులకు వచ్చినప్పుడు పది నిమిషాలు కూర్చోండి, మాట్లాడుకుందాం.

ఇంకోటి, మన జిల్లాలో అవసరం కాబట్టి చెబుతున్నా. టీబీ వచ్చి రిఫాంపిసిన్ మొదలుపెడితే డోలుటెగ్రావిర్ రక్తంలో పడిపోతుంది. అప్పుడు 50 మిల్లీగ్రాములది 12 గంటల తేడాతో రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. టీబీ డాక్టరుకు ఏఆర్‌టీ సంగతి దాచొద్దు. సిగ్గుపడి దాచినవాళ్లను చూశాను, చాలా బాధేసింది.

ప్రొద్దుటూరు_పీజీ

పెన్నేటిగట్టు అన్నా, మీరు ముందు వాడిన టీఎల్ఈలో ఎఫావిరెంజ్ ఉండేది. మొదట్లో కలలు, తల తిరగడం ఉండేవా? అది మెదడుకు చేరిందనడానికి మీ సొంత అనుభవమే సాక్ష్యం. అయితే వెన్నునీటిలో కొలిస్తే అది రక్తంలో ఉన్నదాంట్లో అర శాతమే ఉంటుంది! అసైక్లోవిర్ 50 శాతం ఎక్కడ, ఇది అర శాతం ఎక్కడ. అయినా వైరస్‌ను ఆపడానికి సరిపోతుంది.

కారణం, ఎఫావిరెంజ్ రక్తంలో 99 శాతానికి పైగా ప్రొటీన్లను పట్టుకుని ఉంటుంది. పట్టుకున్నది గోడ దాటదు, పనీ చేయదు. విడిగా ఉన్న కొసరే దాటుతుంది. వెన్నునీటిలో ప్రొటీన్ చాలా తక్కువ కాబట్టి అక్కడున్నది దాదాపు అంతా పనిచేసే మందే. డోలుటెగ్రావిర్ కూడా అంతే. ఒక అధ్యయనంలో రెండు వారాల తర్వాత వెన్నునీటిలో మిల్లీలీటరుకు 18 నానోగ్రాములు ఉంది. రక్తంతో పోలిస్తే ఒక శాతం కూడా కాదు. కానీ ప్రయోగశాలలో వైరస్‌ను సగానికి తగ్గించడానికి 0.2 నానోగ్రాములు చాలు. తొంభై రెట్లు ఎక్కువ ఉందన్నమాట.

అందుకే శాతాన్ని ఒక్కదాన్నే చూసి మందు మంచిదా చెడ్డదా అనొద్దు. అక్కడ విడిగా ఎంత ఉంది, ఆ వైరస్‌కు ఎంత కావాలి, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ వీడియో మొదటిది సగం చెప్పి రెండోది వదిలేసింది.

పెన్నేటిగట్టు

కలలు... అవును అన్నా, మొదటి నెల రోజూ చనిపోయిన మా నాయన కలలోకి వచ్చి బావి దగ్గర నిలబడేవాడు. అప్పుడు భయపడ్డా. ఈ రాత్రికి మాత్ర వేసుకున్నా. కౌన్సెలర్ మేడం, సోమవారం వస్తా.

కేసీకెనాల్_రైతు (కర్నూలు)

నాదొక అడుగుడు. మా పక్క ఊర్లో చాలా ఏళ్ల కింద ఒక పాపకు మెదడువాపు వచ్చి కాలుచెయ్యి పడిపోయింది. జపనీస్ అన్నారు. దానికీ ఈ అసైక్లోవిర్ ఇస్తే బాగయ్యేది కాదా?

ప్రొద్దుటూరు_పీజీ

కాదు పెద్దాయనా. అసైక్లోవిర్‌ను పనిలోకి దించేది హెర్పిస్ జాతి వైరస్‌లు తయారుచేసే ఒక ఎంజైము. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌కు ఆ ఎంజైము లేదు, కాబట్టి మందు మెదడుకు చేరినా నిద్రపోతుంది. ఆ జబ్బుకు పనిచేస్తుందని తేలిన వైరస్ మందు ఇప్పటికీ లేదు. అది పాకే దారి ఇది: వరిమడి నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ, పందులు, అక్కడ్నుంచి పిల్లలు. టీకానే దారి. ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో 9 నెలలకు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోటి వేస్తారు. మనవలుంటే కార్డు తీసి చూడండి.

అయితే ఆస్పత్రికి వచ్చిన రోజున ఏ వైరసో ఎవరికీ తెలియదు. అందుకే మెదడువాపు అనుమానం రాగానే పీసీఆర్ రిపోర్టు కోసం ఆగకుండా అసైక్లోవిర్ మొదలుపెడతారు. మొదటి మూడు రోజుల్లో పీసీఆర్ కూడా తప్పుగా నెగటివ్ రావచ్చు.

బుధవారపేట_అన్న

పదమూడో రోజు. క్రియాటినిన్ (కిడ్నీ పని చెప్పే రక్తపరీక్ష) 0.9 ఉండేది 1.9 అయింది. ఇంజెక్షన్ 12 గంటలకొకసారి చేశారు, సెలైన్ పెంచారు. బావ మళ్లీ మొదలుపెట్టాడు, "చూశావా, కిడ్నీ పోతుందని చెప్పలా" అని. నిద్ర లేదు నాకు.

రాత్రిడ్యూటీ_అక్క

భయపడొద్దు తమ్ముడూ. ఇది కనిపెట్టారు, టైము మార్చారు, అదే జరగాల్సింది. ఈ మందు కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీ నెమ్మదిస్తే మందు ఒంట్లో నిలవ ఉంటుంది, అప్పుడు 8 గంటల డోసు ఎక్కువైపోతుంది. నిలవ ఎక్కువైతే మందే మనిషిని తికమక పెడుతుంది, వణుకు, లేనివి కనపడటం. చూసేవాళ్లకు జబ్బు తిరగబెట్టినట్టే ఉంటుంది. కాబట్టి మాట తేడా వస్తే వెంటనే చెప్పండి. చాలామందికి ఇది నాలుగైదు రోజుల్లో దిగుతుంది. నొప్పి మాత్రలు బయట్నుంచి తెచ్చి ఇవ్వకండి, అవి కిడ్నీకి ఇంకో దెబ్బ.

బుధవారపేట_అన్న

అక్కా, నడుం నొప్పి అంటే నిన్ననే ఒక డైక్లోఫెనాక్ మాత్ర ఇచ్చాం. అమ్మ పర్సులో ఉండేది. ఇప్పుడే సిస్టర్‌కు చెప్పి వచ్చా.

రాత్రిడ్యూటీ_అక్క

చెప్పావు కదా, అదే మేలు. ఇంక ఒద్దు. జగ్గు లెక్క రాస్తూ ఉండు.

బుధవారపేట_అన్న

పదిహేడో రోజు, క్రియాటినిన్ 1.2. మళ్లీ 8 గంటలకు మార్చారు.

బుధవారపేట_అన్న

ఇరవై ఒకటో రోజు. మధ్యాహ్నం 2 గంటల డోసు ఆఖరిది. మూడు గంటలు దాటాక సిస్టర్ సూది తీసేసింది. మోచేతి దగ్గర నుంచి మణికట్టు దాకా ఆరు చోట్ల నల్లమచ్చలు. నిన్న మళ్లీ వెన్నునీళ్లు తీశారు, పీసీఆర్ నెగటివ్. రేపు డిశ్చార్జ్.

వాడు ఇంకా పూర్తిగా మామూలు కాలేదు. పొద్దున తిన్నది సాయంత్రానికి మర్చిపోతున్నాడు. లెక్కల పుస్తకం ఇస్తే కూడికలు చేశాడు, మా దుకాణం సేటు పేరు మాత్రం రాలేదు. అమ్మ మళ్లీ గరిటె తెచ్చి చూపించింది. కాసేపు చూసి "సంగటి కెలికేది" అన్నాడు. పేరు రాలేదు, పని వచ్చింది. అమ్మ ఏడ్చింది.

ప్రొద్దుటూరు_పీజీ

అన్నా, చాలా సంతోషం. జ్ఞాపకం నెలల తరబడి మెల్లగా వస్తుంది, స్పీచ్ థెరపీ అడగండి. ఒక్క జాగ్రత్త. మూడు నాలుగు వారాల నుంచి రెండు మూడు నెలల లోపల కొత్తగా వింత ప్రవర్తన, నిద్ర పట్టకపోవడం, మూతి చేతులు వాటంతటవే కదలడం లాంటివి వస్తే వెంటనే తీసుకురండి. కొందరికి ఈ వైరస్ పోయాక ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. అప్పుడు అసైక్లోవిర్ కాదు, వేరే వైద్యం. 2012 నుంచే ఇది స్పష్టంగా తెలుస్తూ వచ్చింది.

రాత్రిడ్యూటీ_అక్క

ఫిట్స్ మాత్రలు రాసి ఉంటారు, బాగున్నాడు కదా అని మానొద్దు. డిశ్చార్జ్ కాగితం, ఎంఆర్‌ఐ ఫిల్ము, రెండు పీసీఆర్ రిపోర్టులు ఒకే కవర్లో పెట్టి బీరువాలో కాదు, తలుపు పక్కన మేకుకు తగిలించండి.

బుధవారపేట_అన్న

తగిలించాను అక్కా. బావే మేకు కొట్టాడు.